అప్ప అడగాల్సిన ఒక్క మాట

మా బావ హోలీ నాడు పోయాడు.

హోలీకి, మేముండే ఉత్తరాది ఉక్కు పట్నం పక్కన గమ్హరియాలో, చిన్న ఫ్యాక్టరీలన్నీ మూతబడతాయి. గేటు దగ్గర ఒక వాచ్‌మన్ తప్ప లోపల మనిషి ఉండడు. ఆ ఏడు ఆ వాచ్‌మన్ మా బావ. ముప్పై ఏళ్లు కొలిమి దగ్గర కాంట్రాక్టు కూలీగా ఒళ్లు కాల్చుకుని, అరవై దాటాక బతిమాలి సంపాదించుకున్న కుర్చీ పని అది. పట్టపగలు, మధ్యాహ్నం పూట, ఒక మనిషి చిన్న టెంపో తోలుకుని ఆ గేటు దగ్గరికి వచ్చాడు. ముఖమంతా రంగు. ఆ రోజు ఊళ్లో అందరి ముఖాలూ అలాగే ఉంటాయి కాబట్టి దారిలో ఎవరూ అతన్ని రెండోసారి చూడలేదు. బావ మాత్రం గుర్తుపట్టి ఉంటాడు. తాళం పగలలేదు, తీసి ఉంది. అతను అంతకు ఏడాది ముందు అక్కడే లోడింగ్ పని చేసినవాడు. బావ ఫ్లాస్కులో టీ తాగినవాడు.

వచ్చింది రాగి కేబుల్ కోసం. బావ అడ్డం పడ్డాడు. అతను ఇనుప రాడ్డుతో తల మీద కొట్టి, చేతులు వెనక్కి కట్టేసి, గోడౌన్‌లో ఉన్న కేబులంతా తీరిగ్గా ఎక్కించుకుని పోయాడు. సాయంత్రం డ్యూటీ మారే వేళకు వచ్చిన రెండో వాచ్‌మన్ బావను చూసేసరికి అంతా అయిపోయింది. వారం తిరక్కుండా పాత ఇనుప సామాన్ల వ్యాపారి దగ్గర కేబుల్ దొరికింది, దాని వెనకే మనిషీ దొరికాడు.

బావ భార్య, నా అక్క, మా ఇంటి మాటలో అప్ప. ఆమె ఇల్లు బారిడీహ్‌లో. నెల తర్వాత పోస్టుమార్టం రిపోర్టు నకలు చేతికి వస్తే, అది చదివి చెప్పమని నన్ను పిలిపించింది. ఇంగ్లీషులో ఉంది. నేను బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని. వంటింటి గడప మీద కూర్చుని, ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయాను. ఒకచోట ఆగాను. దెబ్బ తగిలాక రెండు మూడు గంటలు ప్రాణం ఉండి ఉండవచ్చునని రాసి ఉంది. ఆ వాక్యం దాటేయవచ్చు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నా జీవితమంతా నేను గర్వంగా చెప్పుకున్న గుణం. చదివాను.

అప్ప చేట కింద పెట్టింది.

"అయితే ఎంటనే పోనేదన్నమాట."

"లేదప్పా."

"రొండు మూడు గంటలు."

"అని రాశారు."

"మరి నీల్లడిగుంటాడా?"

బావ నీళ్ల మనిషి. కొలిమి దగ్గర పనిచేసిన వాళ్లందరికీ ఆ అలవాటు ఉంటుంది. సైకిలు దిగి, చెప్పులు కూడా విప్పకుండా, కాంపౌండు గోడ మీద అప్ప పెట్టి ఉంచిన పెద్ద స్టీలు గ్లాసు ఎత్తి గటగటా తాగి, అప్పుడు గానీ ఇంట్లోకి మాట వదిలేవాడు కాదు. పెళ్లైన నాటి నుంచీ డ్యూటీ దిగే వేళకు ఆ గ్లాసు గోడ మీద ఉండాల్సిందే.

"అడిగుంటే ఆడిచ్చేడా?" అంది మళ్లీ. "అది తెలిసినోడు ఆడొక్కడే గదే."

"తెలుసుకుని ఏం చేస్తావప్పా?"

"ఏటి సేత్తాను? తెలుసుకుంతాను."

బావ పోయిన తర్వాత కూడా ఆ గ్లాసు గోడ మీద పెట్టడం ఆమె మానలేదు. దాహంతో పోయినవాళ్లు గుమ్మం విడిచి వెళ్లరని వాళ్ల అత్తగారు శ్రీకాకుళం నుంచి మోసుకొచ్చిన నమ్మకం. ఇలాంటి వాటి మీద నేను ఎన్ని వ్యాసాలు రాశానో లెక్క లేదు. ఆవేళ కూడా ఊరుకోలేకపోయాను.

"ఆ నీళ్లు కాకులు తాగుతున్నాయప్పా, బావ కాదు."

"తాగనీ. కాక్కి మాత్రం దాహం ఉండదేటి?"

నా జీవితంలో ఎందరో పండితులను నోరు మూయించాను. ఆమెతో మాత్రం నా వాదన ఎప్పుడూ అక్కడికే ఆగిపోయేది.

అలా ఆగిపోవడానికి ఒక పాత కారణం ఉంది. మా నాన్న గోల్‌మురిలో రేకుల కార్ఖానాలో తనిఖీ పని చేసేవాడు. తగరం పూసిన రేకును ఎత్తి వెలుతురుకు పట్టి, మచ్చ గానీ గీరుడు గానీ కనబడితే ఎర్ర మైనపు పెన్సిలుతో దాని మీద ఒక గీత పెట్టేవాడు. గీత పడిన రేకు పక్కకు వెళ్లాల్సిందే, మళ్లీ మాట లేదు. ఆదివారం మధ్యాహ్నాలు మా క్వార్టర్ వరండాలో అదే మనిషి చర్చలు పెట్టించేవాడు. నలుగురు ఫిట్టర్లు, ఒక మిషన్ స్కూలు మాస్టారు, నేను. దయ్యాలున్నాయా, ముహూర్తం చూడాలా, విధవ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా, ఉరిశిక్ష ఉండాలా. చీట్లు వేసి ఎవరికి ఏ పక్షం వస్తే ఆ పక్షాన మాట్లాడించేవాడు. నాకు పదేళ్లప్పటి నుంచీ చీటీ ఉండేది. ముందుగా కాగితం మీద రాసుకుంటే, నాన్న కార్ఖానా నుంచి తెచ్చిన ఆ ఎర్ర పెన్సిలుతోనే విషయానికి చెందని వాక్యాలు కొట్టేసేవాడు. "ఇది నీ గోడు. వాదన కాదు," అనేవాడు. నేను రాయడం నేర్చుకున్నది అలాగే. నాన్న పోయాక మిగిలిన పెన్సిళ్లు నేనే తెచ్చుకున్నాను. రాసేవాళ్లు ఎక్కువ, కొట్టేసుకునేవాళ్లు తక్కువ అని ఇప్పటికీ నమ్ముతాను.

అప్పకు చీటీ ఉండేది కాదు. అమ్మ పోయేసరికి అప్ప నాలుగో తరగతి. నన్ను పెంచడానికి బడి మానేసింది. మేం వరండాలో స్త్రీ స్వాతంత్ర్యం గురించి వాదించుకుంటుంటే లోపల టీ కాచేది. ఆమెకూ ఒక చీటీ వెయ్యాలని నాన్నకు తోచలేదు. మాస్టారికి తోచలేదు. నాకూ తోచలేదు. అంత సంస్కరణవాదులం మేము.

కేసు నాలుగేళ్లు నడిచింది. గమ్హరియా మా జిల్లా కాదు, ఖర్కాయి నది దాటాలి, కోర్టు ఇంకా దూరం. ప్రతి వాయిదాకీ అప్ప వెళ్లేది. ఆమె వెళ్లాలని చట్టం అనలేదు, వెళ్లొద్దనీ అనలేదు. వెనక బెంచీ మీద కూర్చుని, అర్థమైనా కాకపోయినా, బోనులో ఉన్న మనిషి వైపు చూస్తూ ఉండేది. ఆమె దేనికోసం చూస్తోందో మాలో నాకొక్కదానికే తెలుసు.

చివరికి నేరం రుజువైందని తేల్చారు. శిక్ష మీద వాదనలకు మరో తేదీ వేశారు.

ఆ మధ్య రోజుల్లో మా వాళ్లంతా ఒక్కటయ్యారు. బారిడీహ్‌లో తెలుగువాళ్ల ఇళ్లల్లో ఉరి వేయాలని సంతకాలు తీయించారు. ముందు నిలబడింది అప్ప కొడుకే. ముప్పై దాటిన మనిషి, ఆదిత్యపూర్‌లో ఒక కంపెనీలో టెక్నీషియన్. వాడికి తెలుగు వస్తుంది గానీ కోపం మాత్రం హిందీలోనే వస్తుంది.

"ఫాంసీ సే కమ్ నహీఁ, మౌసీ," అన్నాడు నాతో, ఉరికి తక్కువైతే కుదరదు పిన్నీ అని. "తక్కువ శిక్ష వేస్తే అమ్మకు అపీలు హక్కు కూడా లేదంట. మన వకీలమ్మ చెప్పింది. అది సర్కారు ఇష్టమంట. బాప్ మేరా మరా, అపీల్ సర్కార్ కరేగీ."

చచ్చింది తన తండ్రి, అపీలు చేసేది సర్కారు అని వాడు చెప్పింది నిజం. నేరం రుజువయ్యాక, శిక్ష వేసే ముందు, ముద్దాయిని నువ్వేమైనా చెప్పుకుంటావా అని అడిగి తీరాలి. మంచి చట్టం అది. మెడ మీదికి తాడు తెచ్చే ముందు మనిషి నోట ఒక మాట వినకపోవడం కంటే అనాగరికం లేదు. కానీ చచ్చినవాడి భార్యను కూడా అడిగి తీరాలని అలాగే ఎక్కడా లేదు. ఆమె సాక్షి, అవసరమైనంతవరకే. ఆ అవసరం తీరాక ఆమె వెనక బెంచీ. ప్రభుత్వం ఆమె దుఃఖాన్ని తన పేరిట రాసుకుని, తన వకీలు చేత చెప్పించుకుంటుంది. సర్కారీ వకీలుకు సహాయంగా మేం పెట్టుకున్న పిల్ల, చురుకైన వకీలమ్మ, ఒక దారి చెప్పింది. జడ్జీగారు మంచివారు, అడిగితే అప్పను రెండు నిమిషాలు మాట్లాడనిస్తారు, ఒక పేజీ రాసుకుని రమ్మంది. అది హక్కు కాదు, దయ. ఆ దయ దొరికితే ఏం చెయ్యాలో అప్పకు తెలుసు.

"నాను అడగాల్సింది ఒకటే," అంది నాతో, ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతూ. "అది రాయి."

నేను ఉరిశిక్షకు వ్యతిరేకిని. చీటీలో వచ్చిన పక్షం కాదు అది, ముప్పై ఏళ్లుగా చిన్న పత్రికల్లో రాస్తూ వచ్చిన మాట. తప్పుడు తీర్పు దిద్దుకునే వీలు ఉరిలో లేదని రాశాను. ఉరికంబం ఎక్కేవాళ్లలో డబ్బున్నవాడు కనపడడని రాశాను. చంపడం తప్పని చెప్పడానికి చంపి చూపించే ప్రభుత్వం బడిపంతులు పనికి కూడా పనికిరాదని రాశాను. ఇప్పుడు నా బావ. నా మాట మీద నేను నిలబడతానా లేదా అని బస్తీ అంతా చూస్తోందనిపించింది. బస్తీ చూస్తోందో లేదో నాకు తెలియదు. నాకలా అనిపించింది, అంతే.

"అప్పా, నువ్వేమంటావు? అతన్ని ఉరి తియ్యాలనా, వద్దనా?"

"సంపేత్తే మరి ఎవుల్నడగను?" అంది.

నాకు అది చాలింది. ఉరి వద్దని ఆమె నోటితోనే వచ్చింది. కారణం ఏదైతేనేం, ముగింపు ఒకటే కదా. ఇంటికి వచ్చి ఆమె మాటగా రాశాను. నా భర్త ఎలాగూ తిరిగి రాడు, ఇంకో ప్రాణం తీస్తే నా ఇల్లు నిండదు, ఆ మనిషికీ ఒక తల్లి ఉంది, అతను బతికుండి తను చేసింది తలుచుకోవాలి. హిందీలో, ఒక పేజీ. చివరన ఆమె చెప్పిన మాట పెట్టాను: ఆ రోజు నా భర్త నీళ్లు అడిగాడా, ఇతను ఇచ్చాడా అని మీ అనుమతితో ఇతన్ని అడగాలి.

రాసినదాన్ని మళ్లీ చదివాను. అలవాటుగా ఎర్ర పెన్సిలు చేతిలోకి వచ్చింది.

ఆ చివరి వాక్యం మిగతా పేజీని తినేస్తోంది. చేతులు కట్టేసి ఉన్న ముసలివాడు, మండే మధ్యాహ్నం, గంటల తరబడి దాహం. అది విన్న జడ్జీ కళ్ల ముందు ఏముంటుంది? పైన నేను పేర్చిన కారణాలుండవు, ఆ గోడౌన్ నేల ఉంటుంది. ఇంత క్రూరమైనది అరుదు, ఉరే వేయాలి అనడానికి సర్కారీ వకీలుకు అంతకంటే ఏం కావాలి? ఒక మనిషి ప్రాణం ఆ ఒక్క వాక్యం మీద వేలాడవచ్చు. గీత పెట్టాను.

ఇందులో నా లెక్క తప్పని ఇప్పటికీ అనలేను. తప్పు లెక్కలో లేదు. ఆ గీత ఎందుకు పెట్టానో అప్పకు చెప్పలేదు.

"నా మాట రాసేవా?" అంది కాగితం అందుకుంటూ.

"అది కోర్టులో అడగకూడదప్పా. రూలు ఒప్పుకోదు. అంతా అయ్యాక అడిగే దారి చూద్దాం."

"రూలా?"

"రూలే."

"సరే మరి. నీకు తెలిసినట్టు నాకు తెలుసేటి," అంది.

హిందీ మాట్లాడటం ఆమెకు వచ్చు, అక్షరాలు రావు. నాలుగో తరగతి వరకూ నేర్చుకున్న తెలుగు అక్షరాలే ఆమె ఆస్తి. అందుకని హిందీ మాటలనే తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఇచ్చాను. పది రోజులు వల్లె వేసింది. పప్పు కడుగుతూ, బట్టలు పిండుతూ, నీళ్ల గ్లాసు గోడ మీద పెడుతూ. ఒకరోజు నేనక్కడ ఉండగానే కొడుకు డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి విన్నాడు.

"మా, యే కౌన్ బోల్ రహా హై? తుమ్, యా మౌసీ?"

"సిన్నమ్మ రాసింది. నాను సెప్తన్నాను. అయితే ఏటి?"

"నాన్న గురించి ఒక్క ముక్క ఉందా ఇందులో? చంపిన ఆ కాతిల్ గురించే ఉంది. వాడి అమ్మ గురించి కూడా ఉంది."

"వాడికి అమ్మ ఉంది గదరా. ఉన్నమాటే."

"నాకూ నాన్న ఉండేవాడు," అన్నాడు. తెలుగులో అన్నాడు. చెప్పులు విప్పకుండానే మళ్లీ బయటికి పోయాడు.

వాడిది పగ అని, మూక మనస్తత్వమని అప్పుడు నాలో నేను తీర్పు చెప్పుకున్నాను. ఇది మాట్లాడుతున్నది ఎవరు, అమ్మా పిన్నా అని వాడడిగిన మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

కోర్టు రోజున అప్ప ఉతికిన తెల్ల చీర కట్టుకుంది. బోనులో అతను కూడా ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నాలుగేళ్లలో జుట్టు పలచబడింది. బయట వరండాలో అతని తల్లి టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. మేం పక్కనుంచి వెళ్లాం. అప్ప ఒక్క క్షణం ఆగి ఆ డబ్బా వైపు చూసి నడిచింది.

జడ్జీగారు అతన్ని అడిగారు. అతను చేతులు జోడించాడు. అతని వకీలు వయసు గురించి, పేదరికం గురించి, తల్లి గురించి చెప్పాడు. సర్కారీ వకీలు ఉరి అడిగాడు. అప్పుడు మా వకీలమ్మ లేచి, చనిపోయినవాడి భార్య రెండు మాటలు చెప్పుకుంటుందని విన్నవించింది. జడ్జీగారు కళ్లద్దాలు తీసి అప్ప వైపు చూసి చెప్పమన్నారు.

"బోలియే, మాతాజీ."

అప్ప బోనుకు పది అడుగుల దూరంలో నిలబడి మొదలుపెట్టింది. ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నేను రాసిన చోట ఆగింది, నేను రాసిన చోట గొంతు తగ్గించింది. ముందు బెంచీల వాళ్లు ఫైళ్ల మీంచి తలలెత్తారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు మా వరండా గుర్తొచ్చింది, గెలుస్తున్న చర్చ గుర్తొచ్చింది.

పేజీ అయిపోయింది. అప్ప కాగితం తిప్పి చూసింది. వెనక ఖాళీ. తలెత్తి బోనులోని మనిషి వైపు చూసింది. అతనూ చూస్తున్నాడు. జడ్జీగారు అది గమనించినట్టున్నారు.

"ఔర్ కుఛ్ కహనా హై, మాతాజీ?" అన్నారు, ఇంకా ఏమైనా ఉందా అని. మెల్లగా, తొందర లేకుండా అడిగారు.

అప్ప వెనక్కి తిరిగి నా కోసం వెతికింది. మూడో బెంచీలో నన్ను చూసింది. ఆ చూపులో ఏం అడుగుతోందో నాకు స్పష్టంగా తెలుసు.

నేను తల అడ్డంగా ఊపాను.

"బస్, సాబ్," అంది, వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం తీర్పు చదివారు. యావజ్జీవం. అతన్ని మా పక్కనుంచే తీసుకెళ్లారు. అప్ప లేచి నిలబడింది, పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు, అంతే. షేర్ ఆటోలో ఆదిత్యపూర్ దాటి వంతెన మీదికి వచ్చాం. వంతెన మీద అంది.

"పది అడుగులు నేదే ఆడు నాకు."

తర్వాతి వారాల్లో నాకు ఫోన్లు వచ్చాయి. పత్రికల మిత్రులు అప్పది గొప్ప మనసన్నారు, దాని మీద వ్యాసం రాయమన్నారు. రెండు పేరాలు రాశాను కూడా. బారిడీహ్‌లో మాత్రం కిరాణా కొట్టు దగ్గర ఒకావిడ, అప్ప వినేలాగే, "మొగుడి పాణం కన్నా పేపర్లో పేరు గొప్పదైపోనాది కొందరికి," అంది. అప్ప చక్కెర కట్టించుకుని వచ్చేసింది. కొడుకు నాతో మాట్లాడటం మానేశాడు. రెండు పక్షాలకూ అప్ప పనికొచ్చింది. ఒకరికి ఉరి అడగని ద్రోహిగా, ఒకరికి ఉరి వద్దన్న మహాత్మురాలిగా. నీళ్ల గురించి ఎవరికీ తెలియదు.

ఇచ్చిన మాట ప్రకారం దారి చూద్దామని జైలు ఆఫీసుకు వెళ్లాను. ఖైదీని కలవడానికి ములాఖాత్ దరఖాస్తు ఫారం ఇచ్చారు. అప్ప పేరు, ఊరు రాశాను, తర్వాత ఖైదీతో సంబంధం. అక్కడ పెన్ను ఆగింది. తల్లి, తండ్రి, భార్య, వకీలు, ఎవరైనా రాయవచ్చు. ఇతని చేతిలో చచ్చినవాడి భార్య అని రాశాను. క్లర్కు చదివి, ఫారం నా వైపు తిప్పాడు. ఎగతాళి లేదు ఆ ముఖంలో.

"మేడమ్, ఇసే కిస్ ఖానే మేఁ చఢాఊఁ?"

ఏ గడిలో ఎక్కించాలని అడుగుతున్నాడు; చచ్చినవాడి భార్యను వేసుకునే గడి అతని రిజిస్టరులో లేదు. దేశంలో నేరానికి అంత పెద్ద యంత్రాంగం ఉంది. చంపినవాడికీ, చచ్చినవాడి మనిషికీ మధ్య ఒక్క ప్రశ్న నడిచే దారి మాత్రం ఎవరూ వెయ్యలేదు. అతను జాలిపడి, ఉత్తరం రాసుకోండి, చదివి అందజేస్తారు అన్నాడు. నేను వాదించాను. వాదన నాకు వచ్చిన విద్య కదా. ఆ నెలలోనే ఖైదీని వేరే జిల్లా జైలుకు మార్చారని తెలిసింది.

ఆ సంగతి చెప్పడానికి బారిడీహ్ వెళ్లిన రోజునే అప్ప అడిగింది. ములక్కాడలు కోస్తూ, తలెత్తకుండా.

"ఆవేల జడ్జీ ఇంకేటన్నా ఉందా అనడిగితే నీకాసి సూసేను. నువ్వు తలడ్డంగా ఊపేవు. ఎందుకే?"

"నువ్వా మాట అడిగితే, బావ అన్ని గంటలు పడి ఉన్నాడని జడ్జీకి మళ్లీ గుర్తొచ్చేది. ఉరి వేస్తాడేమోనని భయమేసింది."

"అది నీకు ముందే తెలుసా? కాయితంలోంచి తీసినప్పుడే?"

"తెలుసు."

"మరి నాతోటి రూలన్నావు."

"అబద్ధం చెప్పానప్పా."

కత్తిపీట పక్కకు వాల్చింది. ముక్కలు గిన్నెలోకి తోసింది.

"ఉన్నమాట సెప్పుంటే నానే మానేద్దునేమో. ఆడు సచ్చిపోతే నాకు జవాబు రాదు గదా. నేకపోతే, అయిందేదో అవుతాదని అడిగేద్దునేమో. ఏటి సేద్దునో నాకు తెల్దు. ఇంక తెలీదు కూడాను."

నేనేదో అనబోయాను.

"జడ్జీ అడిగేడు నన్ను," అంది. "సదువు నేనిదాన్ని, ఇంకేటన్నా సెప్తావా అమ్మా అనడిగేడు. నువ్వు అడగనేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, కోపానికి నా దగ్గర ఎప్పుడూ జవాబులుంటాయి. బాధితుల కన్నీళ్లను జెండా చేసుకునే వాళ్ల మీద నేను రాసిన వాక్యాలు నాకే వినిపించాయి. సంతకాలు తీసినవాళ్లు ఆమె దుఃఖానికి ఉరి అని పేరు పెట్టారు. నేను క్షమ అని పేరు పెట్టాను. వాళ్లయినా ఆమె చేత వల్లె వేయించలేదు. ఇంటికెళ్లి ఆ రెండు పేరాల వ్యాసం చింపేశాను. ఉరి మీద నా అభిప్రాయం మారలేదు, మారదు కూడా. ఆ అభిప్రాయానికి అప్పను మెట్టుగా వాడుకున్నానన్నది దాని పక్కనే ఉంటుంది.

నెల దాటాక అప్ప కబురు పెట్టింది. వెళితే, రూళ్ల కాగితం మడత విప్పి నా ముందు పెట్టింది. తెలుగు అక్షరాల్లో, తన హిందీలో, తనే రాసుకుంది. ఒత్తులు లేవు, కొన్నిచోట్ల దీర్ఘాలు లేవు.

"పైన అడ్రసు రాసి పెట్టు. అది హిందీలో ఉండాలంట గదా."

మళ్లీ ఏమీ దాచకూడదనుకున్నాను. "అప్పా, ఆ జైల్లో తెలుగు అక్షరాలు చదివేవాళ్లు ఉండరు. లోపల కూడా హిందీ అక్షరాల్లోనే ఉండాలి."

ఆలోచించింది. కాగితం నా వైపు జరిపింది.

"అయితే నువ్వే మార్చి రాయి. ఒక్క మాట తియ్యకు."

తన బల్ల మీదే, తను చూస్తుండగానే రాశాను. ఆమె రాసినది తెలుగులో చెబితే ఇంత:

"నువ్వు మా ఆయన ఫ్లాస్కులో టీ తాగేవాడివి. ఆయన నీళ్లు ఎక్కువ తాగే మనిషని నీకూ తెలుసు. ఆ రోజు నీళ్లు అడిగాడా? అడిగితే ఇచ్చావా? ఇవ్వకపోతే ఇవ్వలేదని రాయి. నేను ఎవరికీ చూపించను. కోర్టులో నేను చెప్పింది మా చెల్లెలు రాసింది. నువ్వు చావకూడదని నేనూ అనుకున్నాను గానీ అది నాకు జవాబు కావాలని. ఇది నా మాట. మొన్న వానకు మా గోడ కూలిపోయింది. ఇప్పుడు గ్లాసు కిటికీలో పెడుతున్నాను. మీ అమ్మ డబ్బాలో ఏం తెచ్చేది?"

గోడ సంగతి, గ్లాసు సంగతి అతనికేం తెలుసు? చదివితే అర్థం కూడా కాదు. విషయానికి చెందని వాక్యాలు. మా చెల్లెలు రాసింది అన్నచోట నా చెయ్యి ఒకసారి ఆగింది. అదీ రాశాను, గోడ కూడా రాశాను, డబ్బా కూడా రాశాను. ఆమె నా భుజం మీదుగా వంగి, తనకు చదవరాని ఆ అక్షరాలను వరసగా చూసి, తన కాగితంలోని వరసలతో లెక్క సరిచూసుకుంది.

పోస్టు డబ్బాలో తనే వేసింది. అయిదు నెలలైంది, జవాబు రాలేదు. పోస్టుమాన్ వీధి మలుపు తిరిగే వేళకు అప్ప గుమ్మంలో ఉంటుంది. అతను వెళ్లిపోయాక లోపలికి వచ్చి, కిటికీలో గ్లాసులోని నీళ్లు పారబోసి, కొత్తవి పోస్తుంది.